మూతివిరుపు బొమ్మ

పొద్దున్నే వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడు వినిపిస్తే ఆ ఇంట్లో తెల్లవారినట్టు లెక్క. గిన్నె వెనకే పెద్దకోడలి గొంతు లేస్తుంది. ఆ రోజూ అలాగే లేచింది.

"పాలు పొయ్యిమీద పెట్టి ఎక్కడికి పోయారే అందరూ? పొంగిపోయి పొయ్యంతా స్నానం చేసింది. ఈ ఇంట్లో కళ్ళున్నదాన్ని నేనొక్కదాన్నేనా?"

"పాలు పెట్టింది నువ్వే కదటే," అన్నాడు ముందు కొట్లోంచి ఆవిడ భర్త, మిషన్ ఆపకుండానే.

"పెడితే? దించే దిక్కు ఉండక్కర్లేదా?"

ఆ ఇల్లూ కొట్టూ ఒకటే. ముందుగది కుట్టు దుకాణం. వెనక గదుల్లో కాపురం. మధ్యనున్న చిన్న గదిలో కిటికీ పక్కన కూర్చుని చిన్నకోడలు ఒక గుడ్డబొమ్మకు నోరు కుడుతోంది. వంటింట్లోంచి మాట వచ్చినప్పుడల్లా ఆమె సూది ఒకసారి గుడ్డలో దిగి పైకొస్తోంది. "కళ్ళున్నదాన్ని" అన్నప్పుడు బొమ్మ కింది పెదవి లోపలికి ముడుచుకుంది. "దించే దిక్కు" అన్నప్పుడు నోటి ఎడమ మూల కిందికి జారింది. ఎర్రదారం కొసను పళ్ళతో తెంపి, బొమ్మను దూరంగా పట్టుకుని చూసుకుంది. నడినెత్తిన నిమ్మకాయంత ముడి, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్న కనుబొమ్మలు, నడుముకు హుక్కులు గుచ్చి చేసిన తాళాలగుత్తి. అన్నిటికీ మించి ఆ మూతి. బంగారం తెచ్చి చూపించినా ఇదేం రంగని విరిచే మూతి. పెద్దకోడల్ని అచ్చు పోసినట్టే ఉందనుకుంది.

"నీ బతుకు ఇలా ఉంది," అని గొంతు తగ్గించి బొమ్మతో చెప్పి, దాన్ని తలకిందులుగా బుట్టలోకి గిరాటేసింది. దాంతో చిన్నకోడలికి టిఫిను తిన్నంత తృప్తి కలిగింది.

ఆ కక్ష ఈనాటిది కాదు. ఆ ఇంటి చిన్నకొడుకు, అంటే ఆమె భర్త, అన్నగారి పక్కనే నిలబడి బట్టలు కత్తిరించేవాడు. కత్తెర పట్టుకుంటే చాలు, పాట కూడా అందుకునేవాడు. ఒక వానాకాలం జ్వరంతో పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. అదే జ్వరం ఆమెకూ తగిలింది. అతన్ని సాగనంపే వేళకు ఆమె ఆస్పత్రి మంచం మీద ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. తేరుకుని ఇంటికొచ్చి తమ గది తలుపు తీసేసరికి గోడ మేకులన్నీ ఖాళీగా కనిపించాయి. బీరువాలో అతని అర బోసిగా ఉంది. ఒక్క చొక్కా లేదు. ముక్కుకు ఆనించుకుని ఒకసారి ఊపిరి పీల్చుకుందామన్నా చేతిరుమాలు కూడా మిగల్లేదు.

"అన్నీ ఇచ్చేశాను," అంది పెద్దకోడలు గుమ్మంలో నిలబడి. "లేనివాళ్ళు కట్టుకుంటారు. వాటిని చూసుకుంటూ ఏడుస్తూ కూర్చుంటే నువ్వేం కోలుకుంటావు? నీ మంచికే ఇచ్చాను."

"నన్నొక్కమాట అడగకుండానా అక్కా?"

"అడిగితే ఇవ్వనిస్తావా?" అని మూతి విరిచి వెళ్ళిపోయింది.

ఆ మూతి చిన్నకోడలి కంట్లో ముల్లులా దిగబడిపోయింది. ఆ రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకుంది. మందులు మింగించారు. టానిక్కులు పట్టించారు. తిను అంటే తినదు, లే అంటే లేవదు. పెద్దకోడలు రోజూ కంచం తెచ్చి పెట్టి, "తింటే తిను, లేకపోతే ఈగలు తింటాయి," అని పోయేది. నిజానికి చాలా పూటలు ఈగలే తిన్నాయి.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేని సమయం చూసి, చిన్నకోడలు లేచి వచ్చి కత్తిరింపు బల్ల కింద కూర్చుంది. అక్కడ అతను నిలబడేవాడు. ఇప్పుడు అక్కడ గుడ్డపీలికలు మాత్రమే గుట్టగా పడి ఉన్నాయి. ఏం తోచిందో, పీలికలు పోగుచేసి, దూది కూరి, ఒక బొమ్మను కుట్టడం మొదలుపెట్టింది. కాలికింద వేసి తొక్కడానికే కుట్టింది. ముడి కుదిరింది, కనుబొమ్మలు కుదిరాయి. మూతి మాత్రం ఒక పట్టాన కుదర్లేదు. కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టి, ఆ గుమ్మంలో చూసిన మూతి ఉన్నదున్నట్టుగా దిగేదాకా వదల్లేదు. అది దిగిన క్షణాన ఆమెకు పక్కున నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. నవ్వు వెనకే ఆకలి వచ్చింది. "అన్నముందా?" అని అడిగిందట ఆ సాయంత్రం. మందులు చెయ్యలేని పని పగ చేసింది.

తొక్కుదామనుకున్నది తొక్కలేదు. మర్నాడు ఇంకోటి కుట్టింది. కుట్టిన కొద్దీ ఒంట్లోకి రక్తం వచ్చింది. బుట్ట నిండింది.

ఆ బుట్ట ఒకనాడు పెద్దకోడలి కంట పడింది. ఒక బొమ్మను ముడి పట్టుకుని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరే ఇది? ఇంత దిక్కుమాలిన మొహం?"

"ఎవరో."

"ఎవరో అయితే మన ఇంట్లో ఊరికే ఎందుకు పడుండాలి? గుడ్డ దండగ, దూది దండగ. ఇలా తే," అని బుట్టంతా సంచిలో కుమ్మరించుకుని కూడలిలో బొమ్మల కొట్టుకి బయల్దేరింది.

బొమ్మల కొట్టావిడ మొదట పెదవి విరిచింది. "పిల్లలు జడుసుకుంటారమ్మా. దీన్నెవరు కొంటారు?"

"అందమైన బొమ్మలు నీ కొట్లో దుమ్ము పట్టి పడున్నాయిగా. వాటినెవరు కొన్నారో ముందు అది చెప్పు," అంది పెద్దకోడలు. వాదించి, దెప్పి, చివరికి తనే అద్దాల అలమర తెరిచి, ముందు వరసలో ఒకదాన్ని నిలబెట్టి వచ్చింది.

పిల్లలు కొనలేదు. పెద్దలు కొన్నారు. బ్యాంకు గుమాస్తా ఒకాయన, మా మేనేజరమ్మే ఇది, అని బల్లమీద పెట్టుకున్నాడు. ఒక పంతులమ్మ స్కూల్లో తమ గదికని తీసుకెళ్ళింది, ఎవరి పోలికో చెప్పలేదు. కొత్తగా పెళ్ళైన ఒకమ్మాయి కొని, కాగితంలో గట్టిగా చుట్టమని, మా ఇంట్లో చెప్పకండి అని వేడుకుంది. మంగలిషాపులో అద్దం పక్కన వేలాడదీశారు. అందరికీ అందులో తమవాళ్ళెవరో కనిపించారు. పేరు కూడా వాళ్ళే పెట్టేశారు, మూతివిరుపు బొమ్మ అని.

చిన్నకోడలి సంబరం అంతా ఇంతా కాదు. తన బొమ్మను తనే సంచిలో మోసుకుంటూ, బాగుంది కొనండి కొనండని బేరాలాడుతూ పెద్దకోడలు వీధి వీధీ తిరుగుతోంది. ఊరేగేదీ ఆవిడే, పల్లకీ మోసేదీ ఆవిడే. ఇంతకన్నా చక్కటి పగ ఎవరికి దక్కుతుంది?

బావగారు మాత్రం ఒకరోజు కళ్ళజోడు పైకెత్తి బొమ్మను చూశాడు. "అమ్మాయ్, దీన్నెక్కడో చూసినట్టుంది."

"చూసే ఉంటారు బావగారూ."

"రోజూ చూస్తున్నట్టుంది," అని మిషన్ మీదికి వంగాడు. చాలాసేపు ఆయన భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

ఇదంతా నడిచి, కథ పాలు పొంగిన ఆ రోజుకు వచ్చింది. మధ్యాహ్నం బొమ్మల కొట్టావిడ తనే వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో సంచీ ఉంది. సంచిలో, అమ్ముడుపోక తిరిగొచ్చిన బొమ్మలున్నాయి.

"పెద్ద బజారువాళ్ళు వచ్చారమ్మా," అంది కుర్చీలో కూలబడి. "నేను దాచుకున్న మొదటి బొమ్మ చూసి మనసు పారేసుకున్నారు. వాళ్ళ కొట్టు అద్దాలన్నీ నింపేటన్ని కావాలట. తీరా ఈమధ్యవి చూపిస్తే వద్దన్నారు."

"ఏం? వీటికేమొచ్చింది?" అంది పెద్దకోడలు.

"పాతదాన్ని చూస్తే అమ్మో అనిపిస్తుంది. వీటిని చూస్తే పక్కన కూర్చోబెట్టుకుని కాస్త టీ ఇవ్వాలనిపిస్తోంది. టీ ఇవ్వాలనిపించే బొమ్మలకు కరువేముంది, ఊరంతా ఉన్నాయి. నెలాఖరుకు పాత మొహం తెస్తే సరే, లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటామన్నారు."

ఆమె మొదటి బొమ్మను బల్లమీద పెట్టింది. చిన్నకోడలు పొద్దున కుట్టినదాన్ని తెచ్చి పక్కన పెట్టింది. పెట్టగానే తెలిసిపోయింది. ముడి అదే, తాళాలు అవే. మూతి మాత్రం వదులైపోయింది. కింది పెదవి మెత్తబడింది. ఎడమ మూల దాదాపు నవ్వుతోంది. పొద్దున అచ్చు పోసినట్టుందని ఎలా అనుకుందో ఆమెకే అర్థం కాలేదు.

నెలాఖరుకు తెస్తామని పెద్దకోడలు మాటిచ్చేసింది. అందరూ లేచి వెళ్ళినా చిన్నకోడలు ఆ రెండు బొమ్మల ముందు అలాగే కూర్చుంది. కొనేవాళ్ళు పోతారని కాదు భయం. చొక్కాలు పోయాక అతని తాలూకు ఆమెకు మిగిలింది ఆ కోపం ఒక్కటే. అదీ తనకు చెప్పకుండా వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. రేపు పెద్దకోడలితో కలిసి నవ్వుతూ కబుర్లు చెప్పుకునే రోజొస్తే, ఇక అతను నిజంగా పోయినట్టే కదా. ఖాళీ మేకుల్ని గుర్తు చేసుకుంది. బోసి అరను గుర్తు చేసుకుంది. కోపం రాలేదు, అతను పాడే పాట గుర్తొచ్చింది. దాంతో చెయ్యి ఇంకా మెత్తబడింది.

మర్నాటి నుంచి పెద్దకోడలికి ఏ పురుగు కుట్టిందో గానీ, నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. చక్కెర లేని టీ ఇచ్చి, "పని చేసేవాళ్ళకే చక్కెర," అంది. "తిండికి ముందు, పనికి వెనక" అని వచ్చినవాళ్ళందరి ముందూ దెప్పింది. ఉతికిన బట్టలు మళ్ళీ ఉతకమంది. తుడిచిన గది మళ్ళీ తుడవమంది.

"ఏమైందే నీకు? ఆ పిల్ల జోలికెందుకు పోతావు?" అన్నాడు బావగారు.

"మీరు మీ కుట్టు చూసుకోండి, వంకర పోతోంది."

చిన్నకోడలికి లోపల నిప్పు రాజుకుంది. ఒక పక్క మండిపోతున్నా ఇంకోపక్క ప్రాణం లేచి వచ్చింది. పోయిందనుకున్నది ఎక్కడికీ పోలేదు. బొమ్మల మూతులు మళ్ళీ బిగుసుకోసాగాయి. కానీ ఇంకా పాత బొమ్మంత కాలేదు.

ఆ తర్వాత జరిగింది కత్తెర సంగతి. అతని కత్తెర ముందుగదిలో మేకుకు వేలాడుతూ ఉండేది. బావగారు కూడా దాన్ని ముట్టేవాడు కాదు. పెద్దకోడలు ఒక పొద్దున బల్ల ఎక్కి దాన్ని తీసి, పాత కాగితంలో చుట్టింది.

"అదెందుకు తీశావక్కా?"

"తుప్పు పడుతోంది. పాత ఇనప సామాను కింద వేసేస్తాను. మేకైనా ఖాళీ అవుతుంది."

"అక్కా, అది పెట్టెయ్యి."

"పెట్టేసి రోజూ దండం పెట్టమంటావా?" అని చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది.

చిన్నకోడలు గదిలోకి వచ్చి సూదిలో దారం ఎక్కించింది. ఎవరు పిలిచినా పలకలేదు. సూది గుడ్డను కుట్టడం లేదు, పొడుస్తోంది. మధ్యాహ్నానికి బొమ్మ తయారైంది. ముందుగదిలోంచే దాన్ని చూసి బావగారు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

పెద్దకోడలు ఎండలో ఎర్రబడి తిరిగొచ్చింది. చెప్పులు విడుస్తూనే తిన్నగా బొమ్మ దగ్గరికి వెళ్ళి, దాన్ని ఎత్తి కిటికీ వెలుగులో పెట్టి చూసింది.

"ఆఁ, ఇప్పుడొచ్చింది," అంది.

చిన్నకోడలు మెల్లగా లేచి నిలబడింది. "ఏమొచ్చింది?"

"నా మొహం."

ఆ మాట వినపడనట్టు ముందుగదిలో మిషన్ ఇంకొక్క నిమిషం తిరిగి ఆగిపోయింది.

"తెలుసా నీకు?"

"రోజూ అద్దంలో చూసుకునే మొహం. మొదటి బొమ్మ చేతిలోకి తీసుకున్నప్పుడే తెలుసు." పెద్దకోడలు సంచిలోంచి కాగితం పొట్లం తీసి బల్లమీద పెట్టింది. "ఇదుగో నీ కత్తెర. పదును పెట్టించుకొచ్చాను. కోపం లేక నీ చెయ్యి చచ్చిపోతోంది. ఆ బేరం పోతే మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటావు. మళ్ళీ ఈగల్ని మేపలేను నేను."

"అంటే ఇన్నిరోజులూ నన్ను కావాలనే తిట్టావా?"

"లేకపోతే? నాకేం పనిలేదా? దవడలు నొప్పి పుట్టాయి."

ఇంకొకరైతే అక్కడే కరిగి కాళ్ళమీద పడేవాళ్ళేమో. చిన్నకోడలికి ఒళ్ళు భగ్గుమంది. ఇంతకాలం దాచుకున్నదంతా గొంతులోకి వచ్చింది.

"వంటిల్లు నీది. తాళాలు నీవి. నా మొగుడి చొక్కాలు కూడా నీవే, ఇష్టమొచ్చిన వాళ్ళకి ఇచ్చుకున్నావు. నాకంటూ మిగిలింది నీమీద కోపమొక్కటే అక్కా. దాన్ని కూడా నువ్వే సంచిలో వేసుకుని అమ్ముకొచ్చావు. ఆరిపోతుంటే నువ్వే ఎగదోశావు. ఆఖరికి నా పగ కూడా నీ చేతిమీదుగానే జరగాలా?"

"నీ మంచి..." అనబోయింది పెద్దకోడలు.

"ఎందుకిచ్చావో చెప్పు. నా మంచికి అని మాత్రం అనకు. ఆ మాట ఇంకొక్కసారి వింటే ఈ ఇంట్లో ఉండను."

పెద్దకోడలి వేళ్ళు తాళాలగుత్తిలో ఒక్కొక్క తాళాన్నీ తడుముతూ పోయాయి.

"నీ మంచికి కాదు," అంది. "నేనీ ఇంటికొచ్చేసరికి వాడు నా నడుము దాకా కూడా లేడు. వాడి చిన్నప్పటి చొక్కాలకు కాజాలు తీసింది నేనే. ఆఖరి చొక్కాకూ నేనే. నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు మీ గది ఊడుద్దామని వెళ్ళాను. మేకుకి చొక్కా ఉంది. పై గుండీ ఊడి దారానికి వేలాడుతోంది. సూదీ దారం తెద్దామని గుమ్మం దాకా వచ్చాను. ఎవరికని కుట్టను?"

చిన్నకోడలు బల్లమీది కాగితం పొట్లాన్ని దగ్గరికి లాక్కుంది.

"అక్కడింకాసేపుంటే పడిపోయేదాన్నే. పడిపోతే నీ దగ్గరికి ఆస్పత్రికి ఎవరొస్తారు, మీ బావకి ముద్ద ఎవరు పెడతారు? ఒకళ్ళు మంచం ఎక్కితే ఇంకొకళ్ళు నిలబడాలిగా. అన్నీ మూటకట్టి ఇచ్చేశాను. నా భయం కొద్దీ ఇచ్చాను. నీ మంచికని అందరికీ చెప్పాను. చెప్పగా చెప్పగా నేనూ నమ్మేశాను. తప్పే. నిన్నడగాల్సింది."

అని నోరు మూసుకుంది. మూసుకోగానే కింది పెదవి లోపలికి ముడుచుకుంది. ఎడమ మూల కిందికి జారింది. ఒక కనుబొమ్మ పైకి లేచింది.

చిన్నకోడలు ఆ మొహాన్ని చూసింది. దాని కిందే, ఆవిడ చేతిలో, తను పొడిచి పొడిచి కుట్టిన బొమ్మ ఉంది. రెండు మూతులూ ఒక్కటే. ఒక్క కుట్టు తేడా లేదు. కానీ అది విరుపు కాదు. ఏడుపును పళ్ళతో పట్టి ఆపుకున్న నోరు అది. ఆ రోజు గుమ్మంలో ఉన్నదీ ఇదే నోరు. విప్పి, కుట్టి, మళ్ళీ విప్పి కుట్టింది తనే. దారం ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో ఆమె వేళ్ళకు కంఠతా వచ్చు. అదేమిటో మాత్రం ఇప్పటిదాకా తెలియలేదు. బ్యాంకుల్లో, బడుల్లో, మంగలిషాపుల్లో, ఎవరెవరి ఇళ్ళల్లోనో ఆ ఏడుపును నిలబెట్టి అందరి చేతా నవ్వించింది.

రెండడుగులు వేసి, పెద్దకోడలి భుజం పట్టుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆవిడను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"ఏడ్చెయ్యక్కా."

"కొట్టు తెరిచుంది. ఎవరైనా వస్తారు."

ముందుగదిలో షట్టరు గరగరలాడుతూ కిందికి దిగింది. "ఎవరూ రారు," అన్నాడు బావగారు అవతల్నుంచి.

పెద్దకోడలికి ఏడవడం వెంటనే చేతకాలేదు. ఎక్కిళ్ళలా రెండుసార్లు భుజాలు ఎగిరాయి. తర్వాత ఒక్కసారిగా కట్ట తెగింది. "వాడి గుండీ కుట్టలేదే. ఊడిన గుండీతోనే ఎవరికో ఇచ్చేశానే," అంటూ నేలమీద కూలబడింది. చిన్నకోడలు ఆవిడ తల ఒళ్ళోకి తీసుకుంది. ఒక మనిషి కోసం ఒకే కప్పు కింద వేరువేరు గదుల్లో ఉగ్గబట్టుకున్న ఏడుపు ఆ మధ్యాహ్నం ఒకచోట కలిసింది.

చాలాసేపయ్యాక చిన్నకోడలు ముక్కు తుడుచుకుంది.

"ఒక్కమాట చెప్తున్నా అక్కా. ఏడ్చాను గానీ, నిన్ను నేనింకా క్షమించలేదు."

"క్షమించకే తల్లీ," అంది పెద్దకోడలు ఒళ్ళోంచి తల ఎత్తకుండానే. "నెలాఖరు దాకా అసలు క్షమించకు. బేరం ఒప్పుకున్నాం."